నీటి ఒడ్డున పదహారు మెట్లు



పట్నాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన సంఘపు పిల్లలు కొందరు ఈమధ్య మారిషస్ దేశం చూడటానికి వెళ్తున్నారు. "అయ్యగారూ, అక్కడ తప్పకుండా చూడాల్సింది ఏమైనా ఉందా?" అని ఒకరు అడిగారు. సముద్రం, ఇసుక తిన్నెలు, కొండలు ఎలాగూ చూస్తారు. టూరు వాళ్ళు ఒక పూట రాజధాని పోర్ట్ లూయిస్ రేవుకు కూడా తీసుకెళ్తారు. నేను చెప్పదలచినది ఆ రేవు గురించే. ఆ ఒడ్డున ఒక కిలోమీటరు నడిస్తే మన గోదావరి జిల్లాల చరిత్ర, విశాఖ, గంజాం జిల్లాల చరిత్ర కాళ్ళ కింద కనిపిస్తుంది. తెలియని వాళ్ళు దాన్ని దాటిపోతారు. మీరు దాటిపోకూడదని ఇది రాస్తున్నాను.

రంగురంగుల గొడుగుల కింద

పోర్ట్ లూయిస్ వెళ్ళినవారు ముందుగా చేరేది కోడన్ వాటర్‌ఫ్రంట్. 1996లో దీన్ని తెరిచారు. నీటి పక్కనే బట్టల దుకాణాలు, హోటళ్ళు, సినిమా హాలు, కాసినో ఉన్నాయి. ఒక సందులో తల మీద వరుసగా రంగుల గొడుగులు కట్టి ఉంటాయి. వచ్చినవాళ్ళంతా వాటి కింద నిలబడి ఫొటో తీసుకుంటారు.

అక్కడే బ్లూ పెన్నీ మ్యూజియం ఉంది. అందులో 1847లో మారిషస్‌లో అచ్చయిన రెండు తపాలా బిళ్ళలు పెట్టారు. ఒకటి నారింజ రంగు, ఒకటి నీలం. ప్రపంచంలో మిక్కిలి విలువైన తపాలా బిళ్ళల్లో అవి ఉన్నాయి. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుందని, అసలు బిళ్ళల మీద గంటకు కొద్ది నిమిషాలే దీపం వేస్తారు. జనం ఆ సమయం కోసం వేచి ఉండి చూస్తారు.

ఒక చిన్న కాగితపు ముక్కను మనుషులు అంత భద్రంగా కాపాడుకున్నారు. తప్పేమీ లేదు. కానీ ఆ బిళ్ళలు అచ్చయిన రోజుల్లో అదే రేవులో ఓడలు దిగుతున్న మనుషులను ఎవరు, ఎలా కాపాడారు? ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని ఒడ్డు వెంట ముందుకు నడవండి.

రేవు ఎలా పుట్టింది

డచ్చివారు 1598లో ఆ దీవికి వచ్చి తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. 1710లో వదిలి వెళ్ళిపోయారు. తరువాత ఫ్రెంచివారు వచ్చారు. 1735లో గవర్నరుగా దిగిన మహే ద లాబూర్దొనే అనే నావికుడు పోర్ట్ లూయిస్‌ను పెద్ద రేవుగా కట్టించాడు. ఆయన విగ్రహం ఇప్పటికీ నీటికి ఎదురుగా నిలబడి ఉంది. మన మద్రాసు చరిత్రలోనూ ఆయన పేరు ఉంది. 1746లో ఇంగ్లీషువారి చేతిలోనుండి మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళానికి నాయకుడు ఆయనే.

విగ్రహం లాబూర్దొనేది. రాళ్ళు మోసినవారు మాత్రం మడగాస్కర్ నుండి, తూర్పు ఆఫ్రికా నుండి పట్టుకొచ్చిన బానిసలు. వారితోపాటు పుదుచ్చేరి వైపు నుండి వెళ్ళిన తాపీ పనివారు, వడ్రంగులు కూడా ఉన్నారు. వారికి విగ్రహాలు లేవు. అప్పట్లో వారు కట్టిన సైనిక ఆసుపత్రి ఒకటి మాత్రం రేవు దగ్గర మిగిలింది. ఆ పాత భవనంలోనే 2023లో బానిసత్వపు చరిత్ర చెప్పే మ్యూజియం తెరిచారు.

1810లో దీవి బ్రిటిషువారి వశమైంది. 1825లో మారిషస్ పంచదార మీద ఇంగ్లండులో సుంకం తగ్గింది. అప్పటినుండి దీవి అంతా చెరకు తోటలే. చెరకు నరకడానికీ, గానుగ ఆడించడానికీ చేతులు కావాలి. ఆ చేతులు బానిసలవి.

1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. విల్బర్‌ఫోర్సు వంటి విశ్వాసులు ఇంగ్లండులో ఏళ్ళ తరబడి ప్రార్థించి పోరాడిన ఫలితం అది. దేవునికి స్తోత్రం. అయితే అక్కడ జరిగిన లెక్క కూడా తెలుసుకోవాలి. 60 వేలకు పైగా బానిసలకు విడుదల దొరికింది. నష్టపరిహారం మాత్రం యజమానులకు ఇచ్చారు. మారిషస్ యజమానులకు అందినది 20 లక్షల పౌండ్ల పైమాట. కొరడా దెబ్బలు తిన్నవారికి ఒక్క పైసా రాలేదు. పైగా "శిక్షణ" అనే పేరుతో మరో నాలుగేళ్ళు అదే యజమాని దగ్గర పని చేయించారు. 1839లో ఆ కట్టు కూడా తెగింది. విడుదలైనవారిలో చాలామంది చెరకు తోట వైపు మళ్ళీ తిరిగి చూడలేదు. ఎలా చూస్తారు?

యజమానుల చేతిలో పరిహారం డబ్బు ఉంది. పొలంలో మనిషి లేడు. అప్పుడు వారి చూపు మన దేశం మీద పడింది.

మన తీరంలో ఆకలి

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుండి వచ్చి పోర్ట్ లూయిస్‌లో 36 మంది కూలీలను దింపింది. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం, తిండి బట్ట. బానిసల స్థానంలో ఒప్పందపు కూలీలతో తోటలు నడుస్తాయా అని చూడటానికి బ్రిటిషువారు చేసిన ప్రయోగం అది. ప్రయోగం లాభసాటిగా కనిపించింది. ఆ తరువాత 1910 వరకు సుమారు 4 లక్షల 60 వేల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. ఎక్కువమంది కలకత్తా నుండి, తరువాత మద్రాసు వైపు నుండి, కొందరు బొంబాయి నుండి వెళ్ళారు.

మనవాళ్ళు ఎందుకు ఓడ ఎక్కారు? ఆ రోజుల్లో మన జిల్లాలు ఎలా ఉన్నాయో చూడండి. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. పెద్దలు దాన్ని డొక్కల కరువు అన్నారు. అయిదు లక్షల జనాభా గల గుంటూరు జిల్లాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. గోదావరి పక్కనే పారుతున్నా ఆనకట్ట లేదు. ఒక ఏడు వరద, ఒక ఏడు ఎండ. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు తగ్గింది. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. ఆ నీళ్ళు రాకముందే ఎందరో ఊళ్ళు విడిచారు.

కాకినాడకు దగ్గరలో కోరంగి ఉంది. ఇప్పుడు మడ అడవులు చూడటానికి, పడవ ఎక్కడానికి మనం పిల్లలను తీసుకెళ్ళే చోటు. ఆనాడు అది ఓడలు కట్టే రేవు, పెద్ద వ్యాపార పట్టణం. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. ఆ కోరంగి రేవు నుండి 1830లలోనే మన కూలీలు మారిషస్ ఓడ ఎక్కారు. అందుకే అక్కడ తెలుగువారిని చాలాకాలం "కోరంగీలు" అనే పిలిచారు. ఊరు కొట్టుకుపోయినా దాని పేరు సముద్రం అవతల ఒక జాతి పేరుగా మిగిలింది.

ఇక్కడ మన సంఘ చరిత్రను కూడా గుర్తు చేసుకోవాలి. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు భార్యలతో సహా మన తీరానికి వచ్చారు. తరువాత నరసాపురంలో గోదావరి డెల్టా పరిచర్య మొదలైంది. అంటే ఒకే కాలంలో, ఒకే సముద్రం మీద, ఒక దిక్కునుండి సువార్త వస్తోంది, ఇంకో దిక్కుకు మన ఆకలి మనుషులు పోతున్నారు. మొదటి సంగతి ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాం. రెండోది ఎప్పుడైనా చెప్పుకున్నామా?

మెట్లు ఎక్కినవారు

కోడన్ నుండి పది పదిహేను నిమిషాలు నడిస్తే ట్రూ ఫాన్ఫారన్ అనే చోటు వస్తుంది. 1849లో అక్కడ వలస కూలీల డిపో కట్టారు. ఇప్పుడు దాని పేరు ఆప్రవాసీ ఘాట్. పక్కనున్న బస్టాండుకు ఇప్పటికీ ఇమిగ్రేషన్ స్క్వేర్ అనే పేరే ఉంది.

ఓడ రేవులోకి వచ్చాక ముందు డాక్టరు చూసేవాడు. జబ్బు అనుమానం ఉంటే దూరపు దీవుల్లో ఉంచేవారు. 1856లో కలకత్తా నుండి వచ్చిన రెండు ఓడల వారిని అలా చిన్న దీవి మీద దింపారు. సరైన నీడ, మందు లేక కలరాతో సుమారు మూడు వందల మంది అక్కడే చనిపోయారు. వారు పోర్ట్ లూయిస్ ఒడ్డు చూడనే లేదు.

ఆరోగ్యంగా ఉన్నవారిని పడవల్లో డిపో దగ్గరకు తెచ్చేవారు. నీటి అంచు నుండి పైకి నల్లరాతి మెట్లు, మొత్తం 16. ఆ మెట్లు ఎక్కాక ద్వారం, గుమాస్తా గది, ఆసుపత్రి గది, వంటశాల, పడుకునే షెడ్లు. అక్కడ రెండు రోజులు ఉండాలి. గుమాస్తా పేరు అడిగేవాడు, తండ్రి పేరు, కులం, ఊరు, వయసు అడిగేవాడు. ఎత్తు కొలిచేవాడు, ఒంటి మీద మచ్చలు రాసుకునేవాడు. మన పేర్లు అతని నాలుకకు తిరగవు. చెవిన ఎలా పడితే అలా రాశాడు. నాయుడు "నాయిడూ" అయ్యాడు. ఆ రాతే తరతరాలకు ఇంటిపేరుగా మిగిలింది.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతివారికీ ఒక నంబరు ఇచ్చేవారు. ఆ తరువాత తోటలోనైనా, కోర్టులోనైనా, చావు పుట్టుకల లెక్కలోనైనా ఆ మనిషి ఆ నంబరే. తరువాత తోటల తరఫున మనుషులు వచ్చి తీసుకెళ్ళేవారు.

ఆదికాండము 16వ అధ్యాయంలో హాగరు సంగతి జ్ఞాపకం చేసుకోండి. ఆ అధ్యాయంలో శారయి గానీ అబ్రాము గానీ మాట్లాడేటప్పుడు ఆమెను పేరు పెట్టి పిలిచినట్టు ఉండదు. వారి నోట ఆమె దాసి మాత్రమే. అరణ్యంలో నీటి ఊట దగ్గర ఆమెను మొదట పేరు పెట్టి పిలిచినవాడు దేవుని దూత. ఎక్కడినుండి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని కూడా అడిగాడు. డిపోలో గుమాస్తా కూడా ఇంచుమించు అవే ప్రశ్నలు అడిగాడు. తేడా ఏమిటంటే, గుమాస్తా పేరు అడిగి నంబరు ఇచ్చాడు. దేవుడు దాసిని పేరుతో పిలిచాడు.

పదిసార్లు మారిన జీతం

ఒప్పందం ఉంది కదా, బానిసత్వం ఎలా అవుతుంది అని కొందరు అడగవచ్చు. నిజమే, వారిని సంతలో అమ్మలేదు, పిల్లలను తల్లి నుండి విడదీసి వేలం వేయలేదు. ఆ తేడాను మరువకూడదు. కానీ ఒప్పందం ఎవరి చేతిలో ఉంది, దాన్ని చదవగలిగింది ఎవరు అనేది చూడాలి.

తోటల్లో "డబుల్ కట్" అనే పద్ధతి ఉండేది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరం వచ్చినా అంతే. మొదట్లో ఒప్పందం అయ్యాక తిరుగు ప్రయాణపు ఖర్చు తామే పెడతామన్నారు. 1850ల మొదట్లో ఆ హక్కు తీసేశారు. 1867లో వచ్చిన చట్టంతో ఒప్పందం ముగిసినవారు కూడా ఫొటో అతికించిన టికెట్టు, పాసు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. అవి లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దేశదిమ్మరి అని పట్టుకుని జైల్లో వేసేవారు. అప్పటికే మలేరియా వచ్చి దీవిలో వేలాదిమంది చనిపోతున్న కాలం అది.

ఇటు పంచదార మాత్రం పెరిగింది. 1860 నాటికి ఏడాదికి లక్ష టన్నులు దాటింది. ఇంగ్లండులో టీ కప్పులో చెంచా తిప్పినవారికి ఆ తీపి ఎక్కడిదో తెలియదు.

మన యాకోబు కథ ఇదే కదా. లాబాను ఇంట ఏడేళ్ళని మాట. పెళ్ళి రాత్రి మోసం. మరో ఏడేళ్ళు. ఆపైన ఇంకో ఆరేళ్ళు. పగలు ఎండకు, రాత్రి మంచుకు క్షీణించాననీ, తన జీతాన్ని మామ పదిసార్లు మార్చాడనీ యాకోబు ఆదికాండము 31లో మొరపెట్టుకున్నాడు. అక్కడ గమనించండి, లాబాను పరాయివాడు కాడు, మేనమామ. మొదటిరోజు ఎదురు పరుగెత్తి కౌగలించుకుని ఇంటికి తీసుకెళ్ళినవాడు. మోసం చాలాసార్లు చిరునవ్వుతోనే మొదలవుతుంది. మన ఊళ్ళకు వచ్చిన మేస్త్రీలు కూడా మంచి తిండి, మంచి కూలి అనే చెప్పారు.

మారిషస్ యజమానుల్లో చాలామంది బాప్తిస్మం పొందినవారే. ఆదివారం గుడికి వెళ్ళినవారే. ఈ మాట రాయడానికి కష్టంగా ఉంది, కానీ రాయకపోతే అబద్ధం అవుతుంది. ద్వితీయోపదేశకాండము 24లో దేవుడు కూలివాని గురించి స్పష్టంగా చెప్పాడు. వాడు నీ సహోదరుడైనా పరదేశియైనా సరే, ప్రొద్దు గ్రుంకకముందే వాని కూలి ఇవ్వమన్నాడు. వాడు మొరపెడితే ఆ పాపం నీ లెక్కలో ఉంటుందన్నాడు. వారి ఇళ్ళలో ఆ బైబిలు ఉంది. వారి పొలంలో ఆ మాట లేదు.

అయినా దేవుడు సాక్షులను లేకుండా చేయలేదు. జాక్ లవాల్ అనే ఫ్రెంచి పాదిరి 1841లో వచ్చి, విడుదలైన బానిసల మధ్య 1864లో చనిపోయేవరకు సేవ చేశాడు. ఆయన సమాధి దగ్గరకు నేటికీ అన్ని మతాలవారూ వెళ్తారు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడు 1871లో పాత కూలీల తరఫున ఒక విజ్ఞాపన రాసి, 9 వేల మందికి పైగా చేవ్రాళ్ళతో గవర్నరుకు ఇచ్చాడు. తోటల యజమానులు ఆయన మీద దాడి చేశారు, దేశం నుండి వెళ్ళగొట్టమన్నారు. కానీ ఇంగ్లండు నుండి రాయల్ కమిషన్ వచ్చింది. 1875లో దాని నివేదిక కూలీల బాధ నిజమేనని తేల్చింది. తరువాతి కాలంలో సి.ఎఫ్. ఆండ్రూస్ అనే పాదిరి, మనం దీనబంధు అని పిలిచిన ఆయన, 1915లో ఫిజీ వెళ్ళి అక్కడి కూలీల స్థితి చూసి వచ్చి దేశమంతా చెప్పాడు. గోఖలే, గాంధీజీ వంటివారి పోరాటంతో 1917లో ఈ కూలీల ఎగుమతిని ప్రభుత్వం ఆపింది.

రాళ్ళను ఎవరు నిలబెట్టారు

వెళ్ళినవారిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది అక్కడే ఉండిపోయారు. వారి పిల్లలు చదువుకున్నారు, భూమి కొన్నారు, 1968లో స్వతంత్ర దేశాన్ని నిలబెట్టారు. మన తెలుగువారు అక్కడ ఉగాదిని దేశమంతటికీ సెలవు దినంగా సాధించుకున్నారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. వారిలో ఎక్కువమంది మన విశ్వాసం వారు కారు. అయినా వారు మన ఊళ్ళ బిడ్డలు. వారి కష్టం మనకు పరాయిది కాదు.

డిపో స్థలం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. దాని మధ్యగా పెద్ద రోడ్డు వేశారు. సగానికి పైగా పోయింది. ఇప్పుడు మిగిలింది 1,640 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 40 సెంట్లు. మూడు నాలుగు పాత కట్టడాలు, ఆ 16 మెట్లు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి రిజిస్టర్లు, కూలీల ఫొటోలు భద్రంగా ఉన్నాయి. ఇప్పటి మనవలు అక్కడికి వెళ్ళి తమ తాత నంబరు పట్టుకుని తాత పేరు, ఊరు వెతుక్కుంటారు. ఏ నంబరు పేరును మింగిందో, ఆ నంబరే ఇప్పుడు పేరు దగ్గరకు దారి చూపుతోంది. కీడుకు ఉద్దేశించినదాన్ని దేవుడు మేలుకు తిప్పగలడని యోసేపు జీవితంలో చదువుతాం. ఇక్కడ కూడా నాకు అదే కనిపిస్తుంది.

యెహోషువ గ్రంథం 4వ అధ్యాయం తీయండి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక, నది మధ్యనుండి పన్నెండు రాళ్ళు భుజాల మీద మోసుకొచ్చి ఒడ్డున నిలబెట్టమని దేవుడు చెప్పాడు. ఎందుకు? రేపు మీ పిల్లలు ఈ రాళ్ళేమిటని అడిగితే జవాబు చెప్పడానికి. దేవుడు అక్కడ గుడి కట్టమనలేదు, నాయకుడి విగ్రహం పెట్టమనలేదు. గోత్రానికి ఒక రాయి. దాటినవారందరి లెక్క అందులో ఉంది.

పోర్ట్ లూయిస్ మెట్లను జ్ఞాపకార్థం కట్టలేదు. సరుకు దించినట్టు మనుషులను దించడానికి కట్టారు. ఆ మెట్లు ఎక్కినవారి పిల్లలే వాటిని జ్ఞాపకంగా మార్చారు. రాయి అదే. దాని ముందు నిలబడి ప్రశ్న అడిగేవాడు ఉంటే అది సాక్ష్యం అవుతుంది. లేకపోతే అది ఊరికే మెట్టు.

కాబట్టి మీరు వెళితే గొడుగుల కింద ఫొటో తీసుకోండి, సంతోషంగా ఉండండి. తరువాత ఆ పది పదిహేను నిమిషాలు నడవండి. మెట్ల దగ్గర నిలబడి పిల్లలకు యెహోషువ 4 చదివి వినిపించండి. వారు అడిగితే కోరంగి పేరు చెప్పండి.

మన రేవు ఇప్పుడు ఏది

ఇంతవరకు చెప్పినది గతం అనుకుంటే ఈ వ్యాసం వ్యర్థం. కోరంగి రేవు మూతపడింది కానీ మన ప్రయాణాలు ఆగలేదు. మన గోదావరి జిల్లాల నుండి ఎందరు అక్కచెల్లెళ్ళు కువైటుకు, ఒమానుకు, దుబాయికి ఇంటిపనికి వెళ్ళారో మీకు తెలుసు. ఇది చదువుతున్నవారిలో కొందరు అక్కడే ఉన్నారు. మీ కష్టార్జితంతోనే ఇక్కడ పిల్లల ఫీజులు కట్టారు, ఇంటికి స్లాబు పడింది, గుడికి కానుక వచ్చింది. అందుకు కృతజ్ఞులం. కానీ చేరగానే పాస్‌పోర్టు లాక్కున్నారని, చెప్పిన జీతం ఒకటి ఇచ్చింది ఒకటని, ఇంకో పని అని చెప్పి విజిట్ వీసా మీద పంపారని ఏడ్చిన తల్లులతో కలిసి ప్రార్థించాను. 1867లో పాసు లేదని పట్టుకున్నారు. ఇప్పుడు పాస్‌పోర్టు లాక్కుని కూర్చోబెడుతున్నారు. లాబాను బతికే ఉన్నాడు.

అందుకని కొన్ని మాటలు. ఏజెంటు బంధువైనా, మన సంఘం వాడైనా, లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. చూడటం చేతకాకపోతే నా దగ్గరకు రండి, మన యువకులు చూసిపెడతారు. విజిట్ వీసా మీద పనికి వెళ్ళవద్దు. ఒప్పందం కాగితం తెలుగులో చెప్పించుకునేదాకా వేలిముద్ర వేయవద్దు, సంతకం పెట్టవద్దు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం మూడింటి జిరాక్సులు ఇంట్లో ఉంచి వెళ్ళండి.

ఇంకొక మాట ఉంది. మనం ఎప్పుడూ యాకోబులమే కాదు. మన ఊరి చుట్టూ ఇటుక బట్టీల్లో, రొయ్యల చెరువుల మీద ఒడిశా నుండి వచ్చిన కుటుంబాలు పని చేస్తున్నాయి. వారి భాష మనకు రాదు, వారి పేర్లు మన నోట సరిగా పలకవు. వారిని పనిలో పెట్టుకున్నవారు మన సంఘంలోనూ ఉన్నారు. ముందు బయానా ఇచ్చి, సీజను చివర లెక్క చూస్తామని చెప్పి, ఆ లెక్క మన చేతిలోనే పెట్టుకుంటే మనం ఎవరిమి? జ్వరం వచ్చిన రోజున కూలి కోస్తే ఆ డబుల్ కట్‌కూ మనకూ తేడా ఏమిటి? కోత కోసినవారికి ఇవ్వని కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుని చెవిన పడుతుందనీ యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. మారిషస్ యజమానుల మీద కోపం వచ్చినవారు ఆ కోపాన్ని ఒక్కసారి మన బట్టీ దాకా, మన చెరువు గట్టు దాకా తీసుకెళ్ళి చూడండి.

వచ్చే ఆదివారం నుండి మందిరంలో ఒక పుస్తకం పెడుతున్నాము. మన సంఘం నుండి బయటి దేశానికి వెళ్ళే ప్రతివారి పేరు, ఇంటివారి ఫోను, పనిచేసే చోటు, పంపిన ఏజెంటు వివరాలు అందులో రాస్తాము. అది పెద్దల దగ్గరే ఉంటుంది. నెలకు ఒకసారి ఇంటివారిని అడిగి, క్షేమ సమాచారం రానివారి కోసం వెంటనే కదులుతాము. ఆ పుస్తకంలో వరుస నంబర్లు ఉండవు. పేర్లే ఉంటాయి. బుధవారం ప్రార్థనలో ఆ పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాము. మన ఊరికి పనికి వచ్చిన ఒడిశా కుటుంబాల పేర్లు కూడా అడిగి తెలుసుకుని అదే పుస్తకంలో రాద్దాం.

తన గొర్రెలను పేరు పేరున పిలిచే మంచి కాపరి, సముద్రం దాటినవారిని, దాటబోతున్నవారిని, దాటి మన దగ్గరకు వచ్చినవారిని కాపాడును గాక. ఆమేన్.